సర్‌క్లిప్ ప్లయరుకు పెళ్లిచూపులు

మధ్యాహ్నం బస్సులో నాకు నిద్రా పట్టదు, మెలకువా ఉండదు. ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఊగుతూ ఉంటాను. ఆ రోజు త్రిపురాంతకంలో ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక కంది చేలూ, చొప్ప వాములూ, ఎండకు తెల్లబడిన రోడ్డూ ఒకదానిలోకి ఒకటి జారిపోతూ వచ్చాయి. వేలికి ఉన్న ఉక్కు రింగును బొటనవేలితో తిప్పుకుంటూ కూర్చున్నాను. అది నగ కాదు, ఆటో గేరుబాక్సులోంచి వచ్చిన సర్‌క్లిప్. మా ఆటో రిపేరు షెడ్డులో దాన్ని లాక్ అంటాం. ఒకచోట తెగి ఉంటుంది, తెగిన రెండు కొసలకీ సన్నని బెజ్జాలుంటాయి. షాఫ్టు గాడిలో కూర్చుని గేరు జారిపోకుండా పట్టుకుంటుంది. తీయాలంటే ప్లయరు మొనలు ఆ బెజ్జాల్లో పెట్టి విప్పార్చాలి. మొన జారిందా, లాక్ లేచి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

నాలుగేళ్ల కిందట అట్లా లేచిన లాకు మా ఆయన ఎడమ కంటిని తీసుకుపోయింది.

షెడ్డులో మెకానిక్కులం మేమిద్దరమే. మొదట్లో నేను స్పానర్లు అందించేదాన్ని. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయనకి ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో అందేది కాదు. బోల్టు మీద పెట్టబోయిన స్పానరు పక్కన పడేది. ఆయన మళ్లీ పెట్టేవాడు, మళ్లీ పక్కన పడేది. చూడలేక నేనే చేతులు నల్లగా చేసుకున్నాను. ఇప్పుడు క్లచ్ ప్లేట్లు మారుస్తాను, బ్రేకులు సరిచేస్తాను. ఎవరైనా బండి ఆపి "అన్న లేడా అక్కా?" అని నన్ను దాటి లోపలికి చూస్తే ఒళ్లు మండుతుంది. "నేనుండా గదా, కనపడ్లా?" అంటాను. లాకులు తీసే పని మాత్రం ఆయన నన్ను ముట్టనివ్వడు.

మా వైపు మెకానిక్కులకి ఒక జబ్బుంది. కొత్త ప్లయరు చేతికి రాగానే గ్రైండరు దగ్గరికి పోతారు. పెద్ద లాకులకీ చిన్న లాకులకీ ఒక్కటే సరిపోవాలని మొన సన్నగా అరగదీస్తారు. ఆ రాపిడి వేడికి ఉక్కు నీలం తిరుగుతుంది, బిగువు చచ్చిపోతుంది. మా ఆయన అరగదీసిన మొన చూసి పక్క షెడ్లవాళ్లు "ఏం పనితనం అన్నా!" అని మెచ్చుకున్నారు. ఆ మొనే వంగింది, ఆ లాకే లేచింది. అడిగితే "నా తలరాత" అంటాడు. తలరాతంట! తన చేత్తో గ్రైండరు మీద రాసుకున్నదే కదా.

అంత జరిగినా మనిషి మారలేదు. తర్వాత కొన్నదీ అట్లాగే అరగదీశాడు. కళ్లద్దాలు పెట్టుకోవయ్యా అంటే, చెమటకి మసకబారతాయి, ఉన్న ఒక్కటీ కనపడదు అంటాడు. ఆ ఉదయం మళ్లీ మొన జారింది. లాకు పైకి లేచి పైకప్పు రేకుకి తగిలి టంగుమంది. ఆ చప్పుడు షెడ్డులో చాలాసేపు ఉన్నట్టే అనిపించింది నాకు. ఉన్నది ఒక్క కన్ను. అదీ పోతే ఈ మనిషి నా ముఖమన్నా చూడలేడు కదా అనుకున్నాను. కింద వెతికి ఆ లాకు తీసి వేలికి పెట్టుకుని, చేతులు కడుక్కుని బస్సెక్కాను.

మార్కాపురం దగ్గరపడేసరికి పలకరాయి ముక్కల కుప్పలు ఎండలో బూడిదరంగు నీళ్లలా కదులుతూ కనిపించాయి. దిగి నడుస్తున్నా ఇంకా బస్సులోనే ఉన్నట్టుంది ఒళ్లు. సామాన్ల దుకాణం లోపల చల్లగా, చీకటిగా, నూనె వాసనగా ఉంది. ఆ దుకాణం పెద్దాయన తాతల కాలం నుంచీ వాళ్లది వ్యాపారమే. నాలుగు ప్లయర్లు బల్ల మీద పరిచాడు.

"ఇది తీస్కోమ్మా. నాలుగు మొనలొస్తాయి, మార్చుకోవచ్చు. అందరూ ఇదే తీస్కపోతన్నారు."

తళతళ మెరుస్తోంది. మొన పట్టుకుని ఊపితే కదిలింది. పక్కన పెట్టేశాను. రెండోదాన్ని గుమ్మం వెలుతురుకి ఎత్తి చూస్తే కీలు దగ్గర సందులోంచి వీధి కనపడింది. మూడోది నొక్కి వదిలితే రెండు మొనలూ సమంగా కలవలేదు. నాలుగోది నల్లగా, మొరటుగా ఉంది, మెరుపు లేదు. వేలికున్న లాకు తీసి దాని మొనలకి తగిలించి మెల్లగా విప్పార్చాను. మెలితిప్పాను. మొన వంగలేదు, బెజ్జంలోంచి జారలేదు. మళ్లీ విప్పార్చాను. ఇరవై సార్లన్నా చేసుంటాను.

పెద్దాయన నవ్వాడు. "ఏందమ్మా, పెళ్లిచూపులా?"

"అంతే అన్నా. మా ఆయన కన్ను దీని చేతిలో పెట్టాల."

ఆయన నవ్వు ఆపేశాడు. లోపలికి పోయి అదే రకంలో చిన్న సైజు ఒకటి తెచ్చి పక్కన పెట్టాడు. "రెండూ తీస్కపోమ్మా. చిన్న లాకుకి చిన్నది. అప్పుడింక అరగదీసే పనే ఉండదు." ఇంత చిన్న సంగతి మాకు నాలుగేళ్లుగా ఎందుకు తట్టలేదో! ఆ పూట ఆ దుకాణం పెద్దాయన మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

తిరిగి షెడ్డుకి వచ్చేసరికి ఎండ పసుపుపచ్చగా మారింది. మా ఆయన పెద్ద ప్లయరు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు, నొక్కాడు, బాగుందన్నట్టు తలూపాడు. తలూపుతూనే లేచి గ్రైండరు వైపు నడిచాడు.

"ఓయ్! దాని మొన గ్రైండరుకి తాకిందంటే చూడు, నేనూరుకోను!"

"అలవాటే, ఏం జేసేది" అని సిగ్గుగా వెనక్కి వచ్చి గేరుబాక్సు ముందు కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఎప్పుడూ ఆ పనప్పుడు పక్కకి పొమ్మంటాడు, ఆ రోజు అనలేదు. మొనలు బెజ్జాల్లో పెట్టాడు. చెయ్యి బిగించాడు. బిగించగానే కన్ను గట్టిగా మూసుకున్నాడు.

లాకు గాడిలోంచి పైకి వచ్చి మొనల మీదే నిలిచింది. ఆయన ఇంకా కన్ను తెరవలేదు.

"ఎందుకు మూసినావు?" అన్నాను.

"ఎప్పుడూ అంతే."

"ఎప్పటి నుంచి?"

"అప్పట్నించే. భయమే నాకు. నీకు తెలుస్తాదని పక్కకి పొమ్మనేవాణ్ణి."

నాలుగేళ్లు ఈ మనిషి చీకట్లో తడుముకుంటూ లాకులు తీశాడు. నేను రెండు గజాల దూరంలో కూర్చుని తిట్టాను. ఏడుపొచ్చింది. ప్లయరు ఆయన చేతిలోంచి లాక్కుని రెండో లాకు ముందు కూర్చున్నాను. వద్దనబోయి ఊరుకున్నాడు. మొనలు పెట్టాను, బిగించాను. ఆ క్షణంలో నా రెండు కళ్లూ వాటంతట అవే మూసుకుపోయాయి.

తెరిచేసరికి ముందంతా నలుపే కనపడింది. గ్రీజు వాసన. ఆయన అరచెయ్యి నా ముఖానికి అడ్డంగా ఉంది. దాన్ని పక్కకి తోసి చూశాను. లాకు క్షేమంగా మొనల మీద ఉంది. ఆయన దాని మీదికి వంగి ఉన్నాడు, ఉన్న ఒక్క కన్నూ బార్లా తెరుచుకుని.

"మరి నీ కంటికి అడ్డమేదయ్యా?" అని అరిచాను.

ఆయన తన ఖాళీ చెయ్యి వైపు ఒకసారి చూసుకున్నాడు.

"మర్చిపోయినానే" అన్నాడు.