సిరాగీత దాకా

మొన్న పురసవాక్కం బజారులో ఒక బేకరీ ముందు ఆటో ఆగింది. పులిసిన పిండి వాసన గుప్పుమంది. నాకు నోరూరలేదు. అది మా రాజేశ్వరి మేడం ప్రయోగశాల వాసన.

తొంభైల మొదట్లో ఆవిడ దగ్గర పరిశోధనకు చేరాను. ఆవిడ ఆ పక్కనే చూలై పేటలో తరతరాలుగా వ్యాపారం చేసుకుంటున్న తెలుగు కుటుంబంలోంచి చదువులోకి వచ్చిన మనిషి. నలభై దాటీ దాటకముందే కీళ్లవాతం పట్టుకుని వేళ్లు వంకర్లు పోయాయి. పిండిని పులియబెట్టే ఈస్టు కణాల గోడల్లో పాలీశాకరైడ్లని చక్కెర గొలుసులుంటాయి. వాపు వచ్చిన కీలును లోపల్లోపల తినేసే ఆక్సీకరణను అవి ఆపగలవా అన్నది మా ప్రశ్న. ఎవరి కీళ్లు చూసి ఆ ప్రశ్న పుట్టిందో అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు.

వాపు తెప్పించిన ఎలుకల్లో సగం బోన్ల వాటికి రోజూ, ఈస్టు నుంచి తీసిన ఆ గొలుసుల పొడిని మందుగా పట్టేదాన్ని. చీలమండ మీద సిరాతో గీత గీసి, పాదాన్ని ఆ గీత దాకా పాదరసంలో ముంచాలి. పాదరసం ఎంత పైకి లేస్తే వాపు అంత. మూడు వారాలకు మందు తిన్న ఎలుకల్లో మిగతావాటికన్నా వాపు బాగా తగ్గింది. నేల మీద నిలవలేక కాగితం పట్టుకుని పరుగెత్తాను.

ఆవిడ నిదానంగా చదివారు. "ఏ బోనుకు మందు పోతా ఉందో నీకు తెలుసునా వనజా?"

"తెలుసు మేడం. నేనే కదా ఇచ్చేది!"

"అట్లయితే కాసేపు బయట ఉండు."

బోన్ల చీటీల మీద కాగితాలు అంటించి, వరుస తారుమారు చేయించి, మళ్లీ కొలవమన్నారు. కొలిచాను. చీటీలు విప్పితే తేడా సగం కూడా మిగల్లేదు. మందు తిన్న ఎలుక పాదాన్ని, గీత పాదరసాన్ని తాకడానికి వెంట్రుకవాసి ముందే ఆపేస్తున్నది నా చెయ్యే. నాకు తెలియకుండానే! సిగ్గుతో ఏడ్చేశాను.

"ఏడవొద్దు. కొంచెమైనా ఉంది కదా, అది నిజం. దాన్నే రాసుకో."

"మొదటే మీరు కొలిచుంటే ఇలా అయ్యేది కాదు."

"నేనా?" వంకరపోయిన వేళ్ల వైపు చూసుకున్నారు. "ఇది పని చెయ్యాలని నీకన్నా నాకే ఎక్కువ ఆశ. నా కంటిని నేనెట్ల నమ్మేది?"

ఆ చిన్న తేడాతోనే నా థీసిస్ పూర్తయింది. కొన్నేళ్ల తర్వాత చూడ్డానికి వెళితే మంచం మీద ఉన్నారు. చెయ్యి ఎత్తలేకపోతున్నారు.

"మన పొడి ఏడిదాకా వచ్చిందమ్మా?"

మనుషులకు ఇచ్చి చూస్తున్నారని, దారి పొడుగునా మంచి మాట ఒకటి సిద్ధం చేసుకునే వెళ్లాను. ఆవిడ కళ్లలోకి చూశాక నోట రాలేదు.

"ఇంకా ఎలుకల దగ్గరే ఉంది మేడం."

ఆవిడ కళ్లు మూసుకున్నారు. "సరిగ్గా చెప్పినావు" అన్నారు.

అదే చివరిసారి. ఆ ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవారేమోనని ఇప్పటికీ కుమిలిపోతాను. కానీ ఆవిడ మళ్లీ అడిగినా, నేను ఆ నిజమే చెబుతాను.