మేడమ్‌ని తిట్టాల్సిన మూడు క్రెడిట్లు

ఆ రోజుల్లో నేను భయపడడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు, అమెరికాలోని పిస్కాటవేలో ఎమ్మెస్ చదువుతున్నవాడికి ఈమెయిల్ వచ్చిన చప్పుడు చాలు. (ఇప్పుడూ అంతే, కాకపోతే బయటికి కనిపించకుండా భయపడడం నేర్చుకున్నాను.) ఆఖరి సెమిస్టర్‌లో మా కంప్యూటర్ కోర్సొకటి రద్దయింది. ఇంకా సీట్లున్న క్లాసు ఒక్కటే, ప్రాచీన గ్రీకుల హాస్యనాటకం. ఆ మూడు క్రెడిట్లు పాస్ కాకపోతే డిగ్రీ రాదు, డిగ్రీ రాకపోతే చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది. "నవ్వుకుంట పాసైతవ్ తీయ్‌రా" అని ధైర్యం చెప్పాడు నా రూమ్మేట్, మేమంతా పెద్దన్న అని పిలిచే వరంగల్ మనిషి.

తీరా చూస్తే ఆ క్లాసుకి రాతపరీక్ష లేదు, నాటకం వేయాలట. ఆ గ్రీకులు ముఖానికి మాస్కు, పొట్టకి దిండు కట్టుకుని ఆడేవాళ్లు. మధ్యలో కథ ఆపేసి కోరస్ అనే పాటల బృందం నాయకుడు ముందుకొచ్చి, ఎదురుగా కూర్చున్న ఊరి పెద్దల్ని మొహం మీదే ఎగతాళి చేసేవాడు. చీటీలు వేస్తే ఆ వేషం నాకు పడింది. మా ఊరి పెద్ద ఎవరయ్యా అంటే, మొదటి వరుసలో కూర్చుని మార్కులు వేసే మేడమ్! నాకు జలుబు చేస్తే ఆఫీసుకి పిలిచి అల్లం టీ ఇచ్చిన మనిషి. ఆవిడని నేను తిట్టాలి. రిహార్సల్‌లో "మేడమ్, మీ క్లాసు చాలా బావుంటుంది, కాకపోతే..." అని నసిగితే, "ఇది థాంక్యూ కార్డు, కామెడీ కాదు. ఇలాగైతే ఫెయిలే" అనేశారు.

నాటకం రోజున పెద్దన్న తన దిండ్లు రెండూ నా పొట్టకి కట్టాడు. నా వంతు వచ్చింది. గురువుని తిట్టే ముందు క్షమాపణ అడగొద్దా అనిపించి, స్టేజీ దిగి ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టబోయాను. నాకన్నా ముందు దిండ్లు నేలకి తగిలాయి. బోర్లా పడి అటూ ఇటూ ఊగుతున్నానే తప్ప లేవలేను. హాలంతా గొల్లున నవ్వింది. "అరే, ఇప్పుడన్న తిట్టురా!" అని వెనక నుంచి పెద్దన్న కేక. ఆ ఉక్రోషంలో నోరు తెరుచుకుంది. ఎనిమిదింటికి క్లాసు పెట్టి మీరే ఆలస్యంగా వస్తారని, మా పేపర్ల మీద మీ కాఫీ మరకని చూసి గ్రేడేమో అనుకున్నామని, సెమిస్టరంతా నా పేరుని మూడు రకాలుగా పిలిచారని, కింద పడుకునే కడిగేశాను. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆవిడే, కళ్లు తుడుచుకుంటూ మరీ. నాకు 'ఎ' గ్రేడే వేశారు.

మొన్న ఆవిడ రిటైర్మెంటుకి, ఇప్పుడు నేనుండే ఆష్‌బర్న్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. కాళ్లకి దణ్ణం పెడదామని వంగాను. ఈసారి దిండ్లు లేవు, వాటి అవసరమూ లేదు, సొంత పొట్టే అడ్డొచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాను. ఆవిడ చెయ్యి అందించబోయి ఆగి, నా పేరుని నాలుగో రకంగా పిలిచి, "ముందు తిట్టు, తర్వాత లేపుతాను" అన్నారు. అలా మోకాళ్ల మీదే ఉండి ఎంత వెతికినా నాకు ఒక్క తిట్టూ దొరకలేదు.