మామూలు పెట్రోలు

మా మావయ్య పోయారు. పోయిన వారం ఒకరోజు పొద్దున్నే ఆయన నర్సరీలో బంతినారుకి నీళ్ళు పెడుతుంటే, మా బావ, అంటే మావయ్య కొడుకు, వచ్చి "నాన్నగారు వెళ్ళిపోయారురా" అన్నాడు. గొట్టం నా చేతిలోనే ఉంది. నీళ్ళు మడులు నింపేసి దారిమీదికి పారుతున్నా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. కడియంలో మొక్కలు కొన్నవాళ్ళలో ఆయన్ని ఎరగనివాళ్ళున్నా, ఆయన లారీని ఎరగనివాళ్ళుండరు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని చర్చివాళ్ళు అడిగారు. కూర్చుంటే మంచి మాటలకన్నా ముందు సిగ్గు వస్తోంది. ముందు మావయ్య సంగతి చెప్పి, తర్వాత నా సిగ్గు చెబుతాను.

ఆ లారీని మిలటరీ వేలంలో కొన్నారు. మా ఊరి లారీలన్నీ డీజిల్‌వి, ఇదొక్కటే పెట్రోలుది. మొక్కల బరువుతో కాలవ వంతెన ఎక్కేటప్పుడు రొప్పుతోందని, రాజమండ్రిలో మెకానిక్కుని పట్టుకుని లోపల నొక్కుడు పెరిగేలా ఇంజను హెడ్డు అరగదీయించి, స్పార్కు కాస్త ముందుగా పడేలా తిప్పించారు. బండి లాగుడు చూసి తెగ మురిసిపోయారు. ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. అరగదీయడం కాస్త ఎక్కువైంది. మామూలు పెట్రోలు పోస్తే చాలు, బరువు మీద టకటకమని కొట్టేది, గవ్వలు డబ్బాలో పోసి ఊపినట్టు. అప్పుడప్పుడే బంకుల్లోకి ఖరీదైన పెట్రోలు వస్తోంది. అది పోస్తేనే నోరు మూసుకునేది.

"ఏ పెట్రోలు పోస్తామో చూసుకుని అరగదీయించాలిరా. నేను అరగదీయించి చూసుకున్నాను" అని తనమీద తనే నవ్వుకునేవారు.

"ఆ పెట్రోల్లో బలం ఎక్కువుంటదేంటి మావయ్యా?" అని అడిగానొకసారి.

"బలం కాదురా అల్లుడూ, ఓర్పు. పెట్రోలుకి ఆక్టేనని ఒకటుంటది, అంటే ఓర్పు. అదెక్కువున్నది స్పార్కు పడేదాకా ఆగుద్ది. మామూలుది అంత నొక్కుడికి ఆగలేదు, ముందే పేలిపోద్ది. నీలాగన్నమాట."

నిజమే, నాకు నోటి దురుసు. ఆయనకి అస్సలు లేదు. ఆయన నోట ఎక్కువగా వినబడిన మాట ఒక్కటే: బాగోదు. గులాబి మొక్క ఒకటి కొనుక్కున్నవాళ్ళకి తోడుగా ఇంకోటి చేతిలో పెట్టేవారు, ఒక్కటే ఇస్తే బాగోదని. బంకులో దిగి వెళ్ళి, మందు అడిగినంత మెల్లగా "ఆ రెండోది పొయ్యండి" అనేవారు. మొక్కల బండికి ఖరీదైన పెట్రోలు పోయిస్తున్నాడని నలుగురూ బడాయి అనుకుంటారని ఆయన భయం. అనుకున్నారు కూడా. పక్కసీట్లో నేను తల వంచుకుని కూర్చునేవాణ్ణి.

మా వైపు పెళ్ళికి బండి అడిగి తీసుకెళ్ళినవాళ్ళు ట్యాంకు నింపి తిరిగివ్వడం మర్యాద. మావయ్య లారీని అడగనివాళ్ళు లేరు, కాదనిపించుకున్నవాళ్ళూ లేరు. మర్యాదస్తులు కదా, అందరూ నింపే తెచ్చేవారు. మామూలుది. నిండుగా. మావయ్య వాళ్ళకి కాఫీ ఇచ్చి, వీధి గుమ్మందాకా సాగనంపి, వాళ్ళు మలుపు తిరిగాక బానెట్టెత్తి, స్పార్కు కాస్త ఆలస్యంగా పడేలా డిస్ట్రిబ్యూటరు బోల్టు వదులు చేసి వెంట్రుకవాసి వెనక్కి తిప్పేవారు. అప్పుడు కొట్టడం ఆగేది, లాగడమూ తగ్గేది. ఆ ట్యాంకు అయిపోయేదాకా సగం మొక్కలే వేసుకుని తిరిగేవాళ్ళం. తిప్పడం మర్చిపోతే ఇంకో అవమానం: తాళం తీసేసినా ఇంజను ఆగేది కాదు. దగ్గి, దగ్గి, బండంతా ఊపేసి అప్పుడు ఆగేది.

"ఆ మంచిది పోయించండని ముందే ఒక మాట చెప్పొచ్చుగా" అని కసిరేవాణ్ణి.

"నింపి తెచ్చినోడికి ఇంకా ఖరీదైంది పోయమని ఎలా చెప్తాంరా? బాగోదు."

ఇలాంటి మనిషి జీవితంలో నన్ను అడిగింది ఒక్కటి. మంచం పట్టాక, అత్తయ్య బార్లీ నీళ్ళకి లోపలికెళ్ళినప్పుడు, నా చెయ్యి పట్టుకున్నారు.

"నన్ను మన బండిలోనే తీసికెళ్ళండిరా. మంచిది పోయించు. చర్చివాళ్ళందరూ వెనకాల నడుస్తారు. ఆరోజు కూడా టకటకలాడితే బాగోదు."

పోయిస్తానన్నాను. మాటిచ్చాను.

ఆయన్ని తీసికెళ్ళే రోజు చూస్తే ట్యాంకు అడుగంటింది. నేనూ బావా బంకుకి వెళ్ళాం. వెనక ఇద్దరు చుట్టాలు ఎక్కారు. బావ కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నేను నోరు తెరిచేలోగా దిగి "మామూలుది నింపెయ్యండి" అన్నాడు. నేను "ఆ రెండోది..." అన్నాను. "సమాధుల తోట దాకానేగా, దానికెందుకురా?" అన్నాడు. చుట్టాలు నా వంక చూశారు. తండ్రి పోయినవాడితో, బంకులో, పెట్రోలు గురించి ఏం వాదిస్తాం? బాగోదనిపించింది. నోటి దురుసుగాణ్ణి, ఎన్నడూ లేనిది, ఆరోజే ఊరుకున్నాను. పోనీ డిస్ట్రిబ్యూటరన్నా తిప్పానా అంటే, వచ్చేసరికి ఇంటిముందు మావయ్య ఉన్న పెట్టె సిద్ధంగా ఉంది, అందరూ లేచి నిలబడ్డారు. వాళ్ళ ముందు బానెట్టెత్తి స్పానరు పట్టుకోవడానికి చేతులు రాలేదు.

ఇంటి నుంచి చర్చికి, చర్చి నుంచి కాలవ లాకుల దాకా బాగానే నడిచింది. వంతెన ఎక్కేటప్పుడు మొదలైంది. గేరు దించాను, యాక్సిలరేటరు మీద కాలు తేల్చాను, ఏం చేసినా టకటక ఆగలేదు. వెనక పాట పాడుతున్న ఆడవాళ్ళు గొంతు పెంచారు. అద్దంలో చూస్తే పెట్టె మీది చేమంతి దండలు అదురుతున్నాయి. నా చెవులు కాలిపోయాయి. ఆయన బతికుంటే ఎంత సిగ్గుపడేవారో, ఇప్పుడాయన వంతు కూడా నేనే పడ్డాను.

ఇది బావ చదువుతాడు. చదవనీ. తప్పు బావది కాదు, మాటిచ్చింది నేను.

సమాధుల తోట గేటు దగ్గర ఆపి తాళం తీశాను. ఇంజను ఆగలేదు. పాట అయిపోయింది, పాస్టరుగారు బైబిలు తెరిచారు, మగవాళ్ళు పెట్టె దింపడానికి చేతులు చాచారు. లారీ మాత్రం దగ్గుతూ, పెట్టెతో సహా ఊగుతూ నిలబడింది. పాస్టరుగారు వేలు పేజీ మీద ఉంచి ఆగారు. అంతమందీ లారీ వంకే చూస్తున్నారు.

అత్తయ్య ముందుకొచ్చి లారీ డోరు మీద చెయ్యి వేసింది.

"చూశార్రా, దానికీ ఆయన్ని దింపబుద్ధి కావట్లేదు" అంది.

అక్కడున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఏడ్చారు. బావ లారీకి ఆనుకుని కూలబడ్డాడు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ప్రార్థనలో ఆ మాట కూడా చెప్పారు, నోరు లేని బండి కూడా ఆయన ప్రేమ ఎరిగిందని.

తాళంచెవి నా గుప్పిట్లో ఉంది. అది ప్రేమ కాదు, నేను పోయించిన మామూలు పెట్రోలు అని చెప్పడానికి అత్తయ్య వైపు తిరిగాను. ఆవిడ ఇంకా డోరు నిమురుతోంది. ఆ సమయంలో చెప్తే బాగోదని ఊరుకున్నాను. లారీ ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది.