కరెంటు స్తంభం ఆనవాలుగా

మధ్యాహ్నం మూడూ పదికి, కైకలూరు దాటాక, నేనూ మా ఆవిడా ఎక్కిన బస్సు టీ కోసం ఆగింది. తొంభైల చివరి మాట. కొల్లేరు మీద నల్లమబ్బులోంచి ఏనుగు తొండంలాంటి సుడిగాలి ఒకటి నీళ్ళ మీదికి దిగింది. టీకొట్టు రేకుల కింద నిలబడి అందరం వింతగా చూస్తున్నాం.

మాతోపాటు బస్సు దిగిన చేపలమ్మే ఆమె మాత్రం ఒక కన్ను మూసి, ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం పక్కగా ఆ తొండాన్ని చూసింది.

"స్తంభం దాటి అటో ఇటో జరిగితే పర్లేదండీ. ఇది జరగట్లేదు, లావవుతోంది. మన మీదికే వస్తోంది. రేకుల కింద వద్దు, ఆ బడి డాబాలోకి పదండి!"

"రేడియోలో చెప్పలేదే!" అన్నాడు కండక్టరు.

"కొల్లేట్లో ఏముందో రేడియోకేం కనపడుద్ది బాబూ!"

మా ఆవిడ నవ్వుతూనే నా చెయ్యి పట్టి లాగింది. బడిలో కిటికీలకు దూరంగా, లోపలి గోడ వారన, తలలు చేతులతో కప్పుకుని కూర్చున్నాం. రెండు నిమిషాలు చెవులు పగిలే హోరు. బయటికొచ్చి చూస్తే టీకొట్టు రేకులు చేలో పడున్నాయి. మాలో ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

"అమ్మా, ముందు సీట్లో కూర్చోండి, దారి మీరే చూడాలి," అన్నాడు కండక్టరు.

"నా గంపకి కూడా సీటివ్వండి మరి!" అంది. బస్సంతా నవ్వింది.

ఆ తర్వాత ఆకాశం నల్లబడితే చాలు, మా ఆవిడ భవానీపురంలోని మా ఇంటి మేడ మీదికి నన్ను లాక్కెళ్ళేది. ఒక కన్ను మూసి చూసి, "పక్కకి పోతోంది లెండి," అని తీర్పు చెప్పేది. చాలా ఏళ్ళు అలా చూశాం.

ఆవిడ పోయాక, మబ్బు పట్టినా నేను మేడ ఎక్కడం లేదు.