దగ్గని గొంతు

పక్షవాతం వచ్చిన మనిషికి నీళ్లు తాగించే ముందు గొంతు చూడాలి. లేపి కూర్చోబెట్టి, గొంతుముడి మీద వేళ్లు ఆనించి, ఒక్క చెంచాడు నీళ్లిచ్చి మింగమనాలి. గుటక పడితే ముడి పైకి లేచి దిగుతుంది. తర్వాత మాట్లాడించాలి. గొంతు తడితడిగా గురగురమంటే నీళ్లు దారి తప్పినట్టే. నర్సింగులో నేను నేర్చుకున్న పనుల్లో ఇంత చిన్నది మరొకటి లేదు. దీనికి తిన్నన్ని తిట్లు మరి దేనికీ తినలేదు.

కరీంనగర్‌లో నేను పనిచేసే ఆసుపత్రికి మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ ఒకాయనను తెచ్చారు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. తెలివి మాత్రం ఉంది. నా వేళ్ల కింద ఆయన గొంతుముడి సరిగా లేవలేదు. సగం నీళ్లు పెదవి కొస నుంచి కారిపోయాయి. మిగతావి ఎటు పోయాయో గానీ ఆయన దగ్గలేదు. దగ్గితే కొంత నయం. దగ్గని గొంతు కాపలా లేని ఇల్లు. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేశాం.

"గంజి గూడ వద్దా?" అని అడిగింది ఆయన భార్య.

"వద్దమ్మా. నోట్లె ఏం పొయ్యొద్దు. పోస్తే ఊపిరితిత్తులల్లకు పోతది."

ఆమె కనిపించినప్పుడల్లా ఆయన నాలుకతో పెదవులు తడుముకునేవాడు. గొట్టంలో ఎన్ని నీళ్లు పోసినా నోటి దాహం తీరదు. చూడలేక నేను మొహం తిప్పుకునేదాన్ని.

మర్నాడు ఆమె తమ్ముడు కొండగట్టుకు పోయి సీసాలో తీర్థం తెచ్చాడు. నేను అడ్డం వెళ్లాను.

"గివి నీళ్లు కావు సిస్టరమ్మా, తీర్థం. దేవుని తీర్థం గొంతుకు అడ్డం పడ్తదా?" అంది ఆమె.

తమ్ముడి చూపు నా మెడలోని సిలువ మీద ఆగింది. "వాళ్లకు మన దేవుడంటె పడదక్కా," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. తాతల కాలం నుంచీ మిషన్ చర్చికి పోయే ఇల్లు మాది, ఈ మాట కొత్తది కాదు. అయినా ప్రతిసారీ మండుతుంది. "ఊపిరితిత్తులకు ఏ దేవుడూ తెల్వదు తమ్మీ. మీ తీర్థమైనా, మా చర్చిల ఇచ్చే ద్రాక్షరసమైనా అండ్లకు పోతే విషమే," అన్నాను.

తర్వాత నేనే దూదిని ఆ తీర్థంలో ముంచి, గట్టిగా పిండి, ఆయన పెదవులకు అద్దాను. ఆయన చంటిపిల్లాడిలా దూదిని చప్పరించబోయాడు. ఆమె నాకు దండం పెట్టి, సీసాను మంచం పక్క బల్ల మీద ఉంచింది. గొడవ సద్దుమణిగిందనుకున్నాను.

తెల్లారి డ్యూటీకి వచ్చేసరికి ఆయన ఒళ్లు కాలిపోతోంది. ఊపిరి ఎగపోస్తున్నాడు. వీపుకు స్టెతస్కోపు ఆనిస్తే కుడివైపు కింద అన్నం ఉడుకుతున్న చప్పుడు. ఏమన్నా పోసినవా అమ్మా అని అడిగితే, లేదని తల ఊపింది. డాక్టర్లు మందులు మార్చారు, ఆక్సిజన్ పెట్టారు. వారం తిరక్కముందే ఆయన పోయాడు.

తమ్ముడు బండి మాట్లాడటానికి కిందికి వెళ్లాడు. నేను గొట్టాలు తీసి, మొహం తుడిచి, దుప్పటి సర్దుతున్నాను. ఆమె బల్ల వైపు చూపించింది.

"గా సీస నువ్వే తియ్యి బిడ్డా. నాకు మైల, ముట్టొద్దు. ఏదన్న చెట్టుకు పొయ్యి."

సీసా తీసుకున్నాను. ఆమె గొంతు తగ్గించింది.

"కండ్లతోని నీళ్లడిగిండు బిడ్డా. జరంత పోసిన. మంచిగనే మింగిండు, దగ్గలే గూడ. గా నీళ్లకేనా పాణం పోయింది?"

ఆ నీళ్లకే. పరీక్షలో అడిగితే నేను అదే రాసేదాన్ని.

"కాదమ్మా. గొంతు పడిపోయినోళ్లకు ఉమ్మి గూడ లోపటికి దిగుతది. గట్లనే జ్వరమొచ్చింది," అన్నాను. అలా కూడా జరుగుతుంది. అందుకే నోరు తిరిగింది.

ఆమె నమ్మలేదు. నా మెడ వైపు చూసింది.

"నీ దేవుని మీద ఒట్టు పెట్టి చెప్పు."

మాకు ఒట్టు పెట్టడమే తప్పు. అబద్ధపు ఒట్టు అంతకంటే తప్పు. నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. దప్పికైన మొగుడికి గుక్కెడు నీళ్లు పోసినందుకు ఇంత శిక్ష వేసిన వాడి మీద. ఒక చేతిలో తీర్థం సీసా అలాగే ఉంది. రెండో చేత్తో సిలువ పట్టుకుని ఒట్టేశాను. రేపు మళ్లీ అడిగినా వేస్తాను.

అప్పుడు గానీ ఆమె ఆయన మీద పడి ఏడవలేదు.