నన్ను చూసి నవ్వు ఆపుకోకండి

మా పాప పోయింది. శనివారం మధ్యాహ్నం, కడప ఆసుపత్రిలో. ఈ చిన్న పత్రిక చదివే మీలో చాలామందికి ఆ కబురు ఫోన్లోనే తెలిసింది. తెలిసిందని ఎలా అనను, మీరు నవ్వారు.

మీ తప్పు కాదు. కలెక్టరాఫీసు దగ్గర అర్జీలు టైపు చేసే షాపులో పాప పనిచేసేది. ఆదివారం షాపుకు సెలవు కాబట్టి ఆ మధ్యాహ్నాలు అక్కడే మీకు హాస్యం రాయడం నేర్పేది. తరగతికి ముందు రోజు, అంటే ప్రతి శనివారం, ఎవరికి వాళ్ళు ఒక కథకు మొదటి వాక్యం రాసి ఫోన్ గ్రూపులో పెట్టాలని తనే నియమం పెట్టింది. ఆ శనివారం దాని తమ్ముడు దాని ఫోన్ తీసుకుని, ఎవరికి చెప్పాలో, ఏం రాయాలో తెలియక, ఆ గ్రూపులోనే "అక్క మధ్యాహ్నం చనిపోయింది" అని మాత్రం రాశాడు.

వరసగా నవ్వు బొమ్మలు వచ్చాయి. "మొదటి వాక్యం అదిరిందక్కా, రెండోది ఎప్పుడు?" అని ఒకరు. "ముందు డెత్ సర్టిఫికెట్ తెమ్మను, అప్పుడు నమ్ముతాం" అని ఇంకొకరు. మా వాడు చూడలేక ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. నేను చదివింది ఆరో తరగతి దాకా. కూడబలుక్కుని చదివాను. చదివాక ఒక్క క్షణం, నిజంగా ఇదంతా పాప చేస్తున్న తమాషాయేమో అనిపించింది. మంచం వైపు చూశాను.

తర్వాత మా వాడు మళ్ళీ రాశాడు. అప్పుడు మీరంతా ఒక్కొక్కరే మీ నవ్వులు తీసేసుకున్నారు. క్షమించమని ఫోన్లు చేశారు. ఎందుకు తీశారయ్యా? దానికి దక్కిన చివరి నవ్వులు అవి.

జబ్బు సంగతి ఎందుకు చెప్పలేదని అందరూ నన్ను అడిగారు. కిడ్నీలు రెండూ పాడైనాయి. రక్తం శుద్ధి చేయించుకోవడానికి పోయే రోజుల్లో, కర్నూల్లో చుట్టాల పెండ్లి ఉందని మీకు చెప్పేది. "మీ చుట్టాల్లో పెండ్లి కాని వాళ్ళు ఇంకా మిగిలుండారా పాపా?" అని ఈ పత్రిక నడిపే మా సారు ఎగతాళి చేసేవారట. ఎందుకు దాచిపెడతావు మ్మే అని నేనడిగితే నా మీదికి లేచేది.

"చెప్తే జాలిపడి నవ్వుతారు మా. జాలి నవ్వు నాకొద్దు. అదే కావాలంటే ఆసుపత్రి గేటు కాడ కూర్చుంటా."

ఈ రాత పిచ్చి దానికి షాపులోనే పట్టింది. ఒకరోజు ఒక పెద్దాయన వచ్చి, తను చనిపోయినట్టు ఆఫీసులో రాసుకుని పింఛను ఆపేశారని చెప్పి, "బతికే ఉండానని రాయి పాపా. గట్టిగా రాయి, నెమ్మదిగా రాస్తే వాళ్ళకు ఇనపడదు" అన్నాడట. ఆ మాట ఇంట్లో చెబితే నేనూ దాని తమ్ముడూ కడుపు పట్టుకుని నవ్వాం. అది నవ్వలేదు. "మనం నవ్వినాం గానీ, ఆయప్ప ఇంకా ఆఫీసు ముందరే కూర్చోనుండాడు మా" అంది. అదే దాని మొదటి కథ.

ఆ కథ ఎక్కడికి పంపినా తిరిగొచ్చింది. హాస్యం నేర్పే బడి యాడ ఉండాదని అడిగితే షాపు ఓనరు కూడా నవ్వాడట. పాత పేపర్ల అంగడికి పోయి, వారపత్రికలు ఏరుకొచ్చి, వాటిలో నవ్వొచ్చిన కథలు చేత్తో తిరగరాసేది. ఎక్కడ నవ్వొచ్చిందో, దానికి ముందు ఆ రాసినాయన ఏం చేశాడో చూసుకునేది. మిషను విప్పి లోపల చూసినట్టు. ఆ తర్వాత మా సారు, రిటైరైన తెలుగు పంతులు, దాన్ని పిలిచి కథ చదివించుకున్నారు.

"బాగుండాది. చివరి పేరా కొట్టెయ్."

"నాకు అన్నిట్లోకీ ఇష్టమైన పేరా అదే సార్."

"అందుకే."

ఇంటికొచ్చి అన్నం తినకుండా కూర్చుంది. తెల్లారి కొట్టేసింది. కథ అచ్చయింది.

మీకు నేర్పింది కూడా అలాగే. మీరు రాసింది తిరిగొచ్చిందని ఎవరైనా మొహం వేలాడేస్తే, "డోన్‌లో రైలు తప్పిపోతే స్టేషన్లోనే కాపురం పెడతామా? ఇంకో రైలెక్కల్ల" అనేది. పండగ సంచికకు నెలల ముందే పంపాలని, పండగ నాడు పంపితే వచ్చే ఏడు పండక్కి వేస్తారని చెప్పేది. నాకు బాగా గుర్తున్న మాట ఒకటుంది. "పంపేముందు ఎవరికైనా చదివి వినిపించండి. బాగుంది అన్నారంటే పంపొద్దు. నవ్వితే పంపండి."

దర్గా వీధిలో బట్టలు కుట్టే అబ్బాయి ఒకసారి వాచ్‌మన్ నత్తి మీద ఒక కథ చదివాడు. నేను మూలన కూర్చుని టీ పోస్తున్నాను. అందరూ నవ్వారు. పాప నవ్వలేదు.

"ఏమప్పా, ఆ వాచ్‌మన్ ఇది చదువుతాడా?"

"వానికి చదువు రాదక్కా."

"అయితే పోయి చదివి వినిపిచ్చి రా. వాడు నవ్వితే ఈ నెలే అచ్చేస్తాం."

ఆ అబ్బాయి తల దించుకున్నాడు. మరుసటి వారం వేరే కథ తెచ్చాడు. ఎన్నికల ముందు ఒక నాయకునికి కొలతలు తీసుకుని చొక్కా కుడితే, గెలిచాక అదే చొక్కా నడుము దగ్గర విప్పి కుట్టమని పంపాడట. "కొలతలు నీవే తప్పు తీసుకున్నావు" అని తిట్టాడట కూడా. నేను నవ్వి టీ నేల మీద పోశాను. పాప ఆ అబ్బాయికి నేల మీది టీ చూపించి, "మా అమ్మ టీ ఒలకబోసిందంటే పంపొచ్చు" అంది.

పాప కోసం చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో పెద్దలంతా మంచి మాటలు చెప్పారు. అందరికీ వందనాలు. కానీ నవ్వుతూ వెళ్ళిపోయింది అన్నారు ఒకాయన. నవ్వుతూ పోలేదయ్యా. నీళ్ళు అడిగింది. ఇవ్వకూడదన్నారు. తడిగుడ్డతో పెదాలు తుడిచాను. అంతే. దేవుడు ఇచ్చాడు, దేవుడు తీసుకున్నాడు అని పాస్టరయ్య చెబితే తల ఊపాను గానీ, తీసుకుని ఏం చేసుకుంటాడో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

కూడిక అయ్యాక సారు నా పక్కన కూర్చున్నారు.

"ఆదివారం క్లాసు ఇంక ఆపేద్దాం మా. ఏం మొహం పెట్టుకుని నవ్వల్ల?"

"ఆపొద్దు సార్. ఆపితే దాన్ని రెండోసారి పూడ్చినట్టే."

ఆ ఆదివారం షాపు తాళం తీయించాను. కొందరే వచ్చారు. నర్సు చదివే అమ్మాయి హాస్టల్ వార్డెన్ మీద రాసింది చదివింది. బాగుంది. బాగుంది అంటే పాప ఒప్పుకోదు గానీ, నవ్వొచ్చేదే. సరిగ్గా నవ్వొచ్చే చోటుకు రాగానే అందరూ నా ముఖం చూశారు. చూసి మింగేశారు. బట్టలు కుట్టే అబ్బాయి నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి గొంతు తగ్గిపోయి, "సారీ అమ్మా" అంది. నేనే నవ్వి చూపిద్దామని నోరు తెరిచాను. వచ్చిన శబ్దం నవ్వు కాదు. అది విని అందరూ ఏడ్చేశారు.

అప్పుడు నాకు అర్థమైంది. దాని తరగతికి అడ్డం నేనే. నేను కూర్చున్న చోట ఎవరూ నవ్వరు. పాప గురించి నాలుగు మాటలు రాయమని సారు నన్ను అడిగారు. రాశాను. అక్షరాలు ఆయన దిద్దారు. నేను అడిగేది ఒకటే, నన్ను చూసి నవ్వు ఆపుకోకండి. ఎదురుపడితే ముఖం తిప్పుకునైనా నవ్వండి, నేనేమీ అనుకోను.

మొన్న ఆదివారం మీరు లోపలికి పోయాక నేను బయట మెట్ల మీదే ఉండిపోయాను. ఎవరో చదువుతున్నారు. మధ్యలో ఇంకెవరో ఆపి, "మెల్లగా చదువు, అమ్మ బయటనే కూర్చోనుండాది" అన్న మాట వినిపించింది. లేచాను. రోడ్డు దాటి అవతల బస్టాపు దాకా పోయాను. అక్కడికి బస్సుల మోత తప్ప ఏమీ వినపడదు. షాపు షట్టరు సగం దించి ఉంది. దాని కింద మీ కాళ్ళు మాత్రం కనిపించాయి, చెప్పులు విడిచిన కాళ్ళు, గుండ్రంగా. కాళ్ళను చూస్తే మనుషులు నవ్వుతున్నారో లేదో తెలియదు. ఎండలో నిలబడి చాలాసేపు చూశాను. ఒక కాలు కదిలినట్టుంది. అంతలో బస్సొచ్చి అడ్డం నిలబడింది.