పాతరలో పడుకున్న సీసా

ఓర్వకల్లు దగ్గరి మా ఊళ్లో మా ఆయనకు కోతలరాయుడని పేరు. మొదటి యుద్ధంలో ఫ్రాన్సుకు పోయి కంచరగాడిదలు తోలి వచ్చిన మనిషి. వస్తూ వస్తూ అక్కడి రైతమ్మ ఒకామె ఇచ్చిందని ఎర్ర ద్రాక్షసారాయి సీసా ఒకటి తెచ్చాడు. మూడు రకాల ద్రాక్షలు కలిపి చేసిందట. కొత్తలో తాగితే నాలుక పట్టేస్తుందట, ఏళ్ల తరబడి చీకట్లో పడుకోబెడితేనే మెత్తబడుతుందట. అట్లా ముదిరినదాన్ని ఆమె ఒక గ్లాసు పోసి రుచి చూపించిందట కూడా.

"ముందు వగరు తగుల్తాది. మింగినంక తొలకరికి తడిసిన నేల వాసన వస్తాదే," అని ఎన్నిసార్లు చెప్పాడో!

కరువుకు ఖాళీ అయిన మా జొన్నల పాతరలో, నేల కింద చల్లగా ఉంటుందని, సీసాను గడ్డిలో చుట్టి అడ్డంగా పెట్టాడు. అది చూసి మా చర్చి సంఘపెద్ద నవ్వినంత ఇంకెవరూ నవ్వలేదు.

"ఏమప్పా, సీసాను పండబెట్టి జోల గూడా పాడుతాండావా? సారాయిలో నేల వాసనంట!"

ఆ పూట మా ఆయన అన్నం ముట్టలేదు. నాకు ఒళ్లు మండి, ఇప్పుడే విప్పి అందరి నోళ్లూ మూయించమన్నాను.

"తొందరపడితే చెడ్తాదే. ముదరనీ. ఇద్దరం తాగుదాం, అప్పుడు నువ్వే చెప్పు," అన్నాడు.

అది ముదరకముందే జ్వరమొచ్చి ఆయన పోయాడు. మాకు పిల్లల్లేరు. మిషను బడిలో అక్షరాలు దిద్దించి ఇంటికొస్తే గోడలతో మాట్లాడుకోవాలి. సీసా విప్పడానికి చేయి రాలేదు. లోపల పాడైపోయి ఉంటే? ఆయన మాట కూడా పాడైనట్టే గదా.

రెండో యుద్ధం వచ్చి గుళ్లో ప్రభు భోజన సంస్కారానికి మద్రాసు నుంచి వచ్చే ద్రాక్షారసం ఆగిపోయింది. క్రిస్మస్ ముందు గుడి అయ్యగారు మా ఇంటికొచ్చారు.

"పంతులమ్మా, నీ కాడ ఒక సీసా ఉండాదంట గదా?"

నేనొక్కదాన్నే తాగి బాగుందంటే ఎవరు నమ్ముతారు? ఊరే తాగి చెప్పాలి. ఇచ్చేశాను.

గుళ్లో ఆ సారాయి పోసిన గిన్నెను ముందు మగవాళ్లు, తర్వాత ఆడవాళ్లు అందుకున్నారు. బడిపిల్లల్ని కూర్చోబెట్టి నేను ఆఖరున పోయాను. గిన్నె నా నోటిదాకా వచ్చేసరికి అడుగున మడ్డి తప్ప చుక్క లేదు. చేదు, గరగర. ఏ వాసనా లేదు. దేవుడి ఎదుటే ఏడుపొచ్చింది.

బయట తలా ఒక మాట. ఒకరు నేరేడు పండన్నారు, ఒకరు కషాయమన్నారు. ఒకామె "తుమ్మబెరడు నమిలినట్టుండాది, థూ!" అంది. తల వంచుకుని పోతుంటే సంఘపెద్ద వెనక నుంచి పిలిచాడు.

"పంతులమ్మా, ముందు వగరు తగిలింది. మింగినంక వాన పడిన చేను వాసనమ్మా! నీ మొగుడు అబద్ధం చెప్పల్యా. ఊరికే ఎగతాళి చేస్తిమి."

ఇంటికి దాదాపు పరుగెత్తాను. తలుపు తోస్తూనే "ఇదో, వింటివా?" అని గట్టిగా అనేశాను. వినడానికి ఇంట్లో ఎవరున్నారు?